పక్కింటి తలుపుకి తగిలించిన అట్ట

మిత్సుయో జపాన్‌లోని కనజవాలో ముప్ఫై ఏళ్లుగా జుట్టు కత్తిరిస్తోంది. చేతులు వణకడం మొదలవక ముందే ఏదో ఆదరువు ఉండాలని, దాచిందంతా పోసి పక్కనున్న పాత చెక్క ఇల్లు కొంది. ముసలితనం దాని అద్దె మీదే గడవాలి.

రోజుల లెక్కన ఇస్తే చెర్రీపూల కాలంలో ఆరు రాత్రులకే నెల అద్దె వచ్చేస్తుంది. మంచు పడ్డాక అడిగే నాథుడుండడు. అయినా మొదటి ఏడాది పర్యాటకులకే ఇచ్చింది. మంచివాళ్లే వచ్చారు. గుమ్మంలో చెప్పులు విప్పేవాళ్లు, దుప్పట్లు మడిచేవాళ్లు.

చిక్కు మాత్రం కబుర్ల అట్టతో వచ్చింది. వీధి సంఘం కాగితాలు బిగించిన ఆ అట్ట ఇల్లిల్లూ తిరుగుతుంది. చదివినవాళ్లు గడిలో ముద్ర వేసి పక్కింటి తలుపుకి తగిలిస్తారు. మిత్సుయో తర్వాత ఆ అద్దె ఇల్లు, దాని తర్వాత కురోసే ముసలాయన. వరసలో ఒక ఇంటిని దాటేస్తే వెలివేసినట్టే. తన ఇంటిని తానే ఎలా వెలివేస్తుంది? తగిలించింది.

ఆ వారం దిగిన దంపతులు అది ఇంటామె ఇచ్చిన జ్ఞాపిక అనుకుని పెట్టెలో సర్దుకుపోయారు.

అట్టలో రాసున్న, కాలవలు తీసే ఆదివారం వచ్చింది. ఎగువ వీధి పారలతో దిగింది. అట్ట అందని దిగువ వీధి ముసుగుతన్ని పడుకుంది. సందడికి కురోసే బనియను మీదే బయటికొచ్చాడు.

“ఏమ్మా మిత్సుయో, మాకు చెప్పకుండా పండగ చేస్తున్నారా?”

“అట్ట విమానమెక్కింది బాబాయ్.”

“అదృష్టం దానిది. నేనింతవరకూ ఎక్కలేదు.”

మర్నాడు దిగువ వీధివాళ్లు ఒక్కొక్కరే మిఠాయి పెట్టెలతో వచ్చి, పనికి రానందుకు తామే క్షమాపణ చెప్పి వెళ్లారు. తిట్టినా బాగుండేది.

వేసవిలో ఇబుకి అనే నర్సు నెలల లెక్కన అద్దెకి ఇల్లు చూడ్డానికి వచ్చింది. గదులు చూసి, “చెత్త ఏ రోజు పెట్టాలండీ? అట్ట ఎవరింటికి ఇవ్వాలి?” అంది.

“అద్దె అడగవేం?”

“అదీ అడుగుతా పిన్నిగారూ. అడగడానికి భయమేసి ఆగాను.”

రెండేళ్లకు ఒప్పందం రాసుకున్నారు. చెర్రీపూల డబ్బు పోయింది, మంచు నెలల డబ్బు వచ్చింది. కలిపి చూస్తే కాస్త తక్కువే. కత్తెర ఇంకో మూడేళ్లు పట్టాలి. పట్టగలననుకుంది.

శరదృతువులో కురోసే జుట్టు కత్తిరించుకోడానికి మిత్సుయో కుర్చీలో కూర్చుని సణిగాడు. “ఆ పిల్ల డ్యూటీకి పోతూ పొద్దున్నే తగిలించేస్తోంది. కాలవ పని తప్పించుకునే వీల్లేదు. అట్టెత్తుకుపోయిన ఆ దొంగలే నయం.”

“తల కదపకు బాబాయ్. చెవి దగ్గరున్నాను.”