తప్పైంది దొరా

మా మేనమామకు ఊతపదం ఒకటే: "తప్పైంది దొరా." ఊళ్లో దొర ఎదురుపడినా, పటేలు కేకేసినా ముందు ఆ మాట అనేసి, తర్వాతే సంగతేమిటని అడిగేవాడట. అనకపోతే దెబ్బలు. నిజాం రాజ్యం పోయిన కొత్తలో పట్నం వచ్చి, నాంపల్లిలో మా ఇంట్లోనే ఉంటూ ఆబిడ్స్‌లో ఒక బట్టల దుకాణంలో మూటలు మోసేవాడు. వెనక రిక్షా గంట కొట్టినా "తప్పైంది దొరా" అని పక్కకు జరిగేవాడు. మేం పడీపడీ నవ్వేవాళ్ళం.

ఒకరోజు ఆ దుకాణంలో పట్టుచీరల మూట మాయమైంది. మామను పట్టుకుపోయారు. వెతికితే మామ దగ్గర దారప్పోగు కూడా దొరకలేదు. నేనప్పుడు మెట్రిక్ చదువుతున్నాను. అమ్మతో కలిసి కోర్టుకు వెళ్ళాను. అప్పటిదాకా ఉర్దూలోనే నడిచిన ఆ కోర్టుకు కొత్తగా బదిలీ మీద వచ్చిన జడ్జి తెలుగాయనని తెలిసి అమ్మకు ప్రాణం లేచొచ్చింది.

"మన మాటనే మాట్లాడ్తడట బిడ్డా, ఇగ ఫికర్ లేదు" అంది.

"మూట నువ్వే తీశావా?" జడ్జి మెత్తగానే అడిగాడు.

మామ చేతులు కట్టుకుని నడుం దాకా వంగాడు. "తప్పైంది దొరా."

జడ్జి కలం అందుకున్నాడు.

"అయ్యో సారూ, గది ఒప్పుకున్నట్టు కాదు! వాడు ఎవలను చూసినా గట్లనే అంటడు!" అని అమ్మ అరిచింది. జవాను ఆమె నోరు మూయించాడు.

చేసినవాడు అనుభవించాలి, న్యాయమంటే అదే అన్నాడు జడ్జి. ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. చేసినవాడు అనుభవించాలంటే నేనూ కాదనను. మరి చెయ్యనివాడు అనుభవిస్తే దాన్నేమంటారయ్యా?

మామ జైలు నుంచి వచ్చే వేళకు దుకాణదారు బామ్మర్ది అవే చీరలతో దొరికిపోయాడు. వాడికీ శిక్ష పడింది. ఒక్క దొంగతనానికి ఇద్దరు ఖైదీలు!

ఇంటికొచ్చిన మామ గోడవారగా కూర్చున్నాడు. కంచంలో అన్నం ముట్టలేదు.

"అసలు దొంగ దొరికిండు తమ్మీ. నీ తప్పేం లేదు" అని అమ్మ ఏడుస్తూ చెప్పింది.

"తప్పు లేంది శిచ్చ ఎట్ల పడ్తదక్కా? ఏడనో చేసే ఉంట" అన్నాడు.

తర్వాత నా వైపు తిరిగాడు.

"నువ్వు చదువుకున్నదానివి గద బిడ్డా. జైల్ల మస్తు యాది చేసుకున్న, దొర్కలే. నేను చేసిన తప్పేందో జర నువ్వన్న చెప్పు."