మా ఆయన బిగించని చక్రం

మా ఆయన ధర్మారావు ఏ గదిలో అడుగుపెట్టినా ముందు పైకి చూస్తాడు. పెళ్ళిపీటల మీదా అంతే. పురోహితుడు మంత్రాలు చదువుతుంటే ఈయన తల వెనక్కి వాల్చి కల్యాణమండపం ఫ్యాను వంక చూస్తూ కూర్చున్నాడు. అల్లుడు దేవుణ్ణి తలుచుకుంటున్నాడని మా అమ్మ మురిసిపోయింది. ఫ్యాను ఊగుతోందనీ, పైన బోల్టు వదులైందనీ, తాళి కట్టేలోపు ఎవరైనా నిచ్చెన వేసి చూస్తే బాగుండేదనీ తర్వాత నాతో అన్నాడు.

మేముండేది నోవై అనే ఊళ్ళో. ఈయన ఉద్యోగం కార్ల సీట్లను నేలకు పట్టి ఉంచే బోల్టుల మీద. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా వాటిని కుదిపి, ఊపి, ఎప్పుడు వదులవుతాయో చూడటమే పని. ఇంటికొచ్చాక కూడా ఆ మనిషికి సెలవు లేదు. అలమర పిడులు, కుర్చీ కాళ్ళు, నా ప్రెషర్ కుక్కర్ హ్యాండిల్, అన్నీ తిప్పి చూస్తాడు. అలాంటివాడు కొనుక్కునే బండి ఎలా ఉండాలి? కొత్తదై ఉండాలి. ఈయన కొన్నది నేను ఒకటో తరగతిలో ఉన్నప్పుడు తయారైన మోటార్‌హోమ్. ముందు స్టీరింగు, మధ్యలో స్టవ్వు, వెనక మంచం, మూలకి టాయిలెట్. కదిలిందంటే లోపల మోగని వస్తువు లేదు. దాన్ని కొన్నది ఊళ్ళు తిరగడానికని నేననుకున్నాను. బోల్టులు బిగించుకోవడానికని తర్వాత అర్థమైంది.

అయినా ఆ బండి మీద ఆశ పెట్టుకున్నాను, మా అమ్మ కోసం. అమ్మ పేరు ధనమ్మ. డిసెంబరులో వచ్చింది, వచ్చే బుధవారం తిరుగు ప్రయాణం. రెండు మోకాళ్ళకీ ఆపరేషన్ అయింది. కార్లో కాసేపు కూర్చుంటే చాలు, కాళ్ళు కొయ్యబారిపోతాయి. పైగా దారి పొడుగునా టాయిలెట్ కోసం ఆపమని అడగాలంటే ఆవిడకి చచ్చేంత సిగ్గు. అందుకని చలికాలమంతా మా ఇంటి కిటికీలోంచి మంచు చూస్తూ గడిపేసింది. నోరు తెరిచి అడిగింది ఒక్కటే. రోజూ టీవీలో వాతావరణం చెప్పే అమ్మాయి మ్యాపు మీద చెయ్యి తిప్పుతుంది కదా, ఆ చేతి కింద పైన పెద్ద నీలం మరక ఉంటుంది, లేక్ సుపీరియర్. "అవన్నీ మంచినీళ్ళేనటే? ఒకసారి కాళ్ళు పెట్టొద్దామే" అంది. పడుకుని వెళ్ళగలిగే బండి మా దగ్గర ఆ ఒక్కటే ఉంది.

ఏప్రిల్ నుంచీ బయల్దేరుతూనే ఉన్నాం. ఒక శనివారం జనరేటర్ కింద బోల్టు కదిలిందన్నాడు. ఇంకో శనివారం మెట్ల దగ్గరిది. ఆ పై వారం అన్నీ బాగున్నాయి, బాగున్నాయంటే తను ఏదో చూడకుండా వదిలేసి ఉంటానని ప్రయాణం మానేశాడు! పులిహోర చేసిన ప్రతిసారీ దాన్ని ఇంట్లోనే కూర్చుని తిన్నాం. "ఇంకో వారం ఆగుదామే, ఏం పోయింది" అని అమ్మే నన్ను సముదాయించేది. ఏం పోతుందో నాకు తెలుసు. ఈ వయసులో ఆ మోకాళ్ళతో ఆవిడ మళ్ళీ రాదు.

ఇది ఆఖరి శనివారం. ల్యాబులో నా డ్యూటీ బతిమాలి మార్చుకున్నాను. గుడివాళ్ళ క్యాలెండరు చూసి, రాహుకాలం రాకముందే గడప దాటాలని అమ్మ తెల్లారకముందే స్నానం చేసి కూర్చుంది. ఈయన మాత్రం ఇంటి ముందు డ్రైవ్‌వేలో చాప పరుచుకుని చక్రాల దగ్గర కూర్చున్నాడు.

ఆయన పద్ధతి ఒకటుంది. బిగుతుగా ఉన్న నట్టుని అలా వదిలేయడు. చక్రానికున్న నట్లన్నీ ముందు వదులు చేస్తాడు, తర్వాత టార్క్ రెంచితో మళ్ళీ ఒక్కొక్కటే బిగిస్తాడు. ఎంత బిగించాలో అంతకి రాగానే ఆ రెంచి టక్కుమంటుంది. టక్కుమన్న నట్టు మీద పసుప్పచ్చ పెయింటు పెన్నుతో ఒక గీత గీస్తాడు. గీత ఉంటే అయినట్టు, లేకపోతే కానట్టు.

మూడు చక్రాలయ్యాయి. నాలుగోదానివి వదులు చేసి రెంచి చేతిలోకి తీసుకున్నాడో లేదో, ప్లాంటు నుంచి ఫోను. చెవిన పెట్టుకుని వీధిలోకి నడిచాడు. ఈయన ఫోను మాట్లాడితే వీధి చివరికి వెళ్ళి రావాల్సిందే. నేను లోపల పచ్చడి సీసాలు తువ్వాళ్ళలో చుట్టి సర్దుతున్నాను. మా అమ్మాయి అదితి హెడ్‌ఫోన్సు పెట్టుకుని బండిలో మధ్య సీట్లో వాలింది. రాహుకాలం దగ్గర పడింది. ఈయన గబగబా వచ్చి బండి చుట్టూ ఒక తిరుగు తిరిగాడు. నాలుగు చక్రాల మీదా గీతలున్నాయి. "రైట్, అయిపోయింది" అన్నాడు. నా చెవుల్ని నేనే నమ్మలేదు.

బండి కదిలింది. నోవై దాటింది, ఫ్రీవే ఎక్కింది. అమ్మ వెనక మంచం మీద దిండు ఎత్తుగా పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తోంది. మాటామంతీ లేదు. నేను కూడా ఊపిరి బిగబట్టి కూర్చున్నాను, ఏదైనా మోగితే ఈయన వినకూడదని.

ఫ్లింటు ఊరు దాటాక రోడ్డు పక్క రెస్ట్ ఏరియాలోకి తిప్పాడు. బయల్దేరిన తర్వాత కొంత దూరం పోయాక చక్రాలు మళ్ళీ చూడాలట. "చూసుకోండి, త్వరగా రండి" అన్నాను. త్వరగానే వచ్చాడు. తలుపు దగ్గర నిలబడి నా ముందు వేలు చాపాడు. వేలి కొసన పసుప్పచ్చగా ఉంది.

"శాంతీ, ఇది వాసన చూడు."

చూశాను. "పసుపండీ. వంటింట్లో పసుపు."

"నట్టు ముట్టుకుంటే గీత ఊడొచ్చింది. పెయింటు ఊడిరాదు." వెనక చక్రం వైపు చూపించాడు. "నట్లు వేళ్ళతోనే తిరుగుతున్నాయి. ఒకటి కొసకి వచ్చేసింది. ఎవరు పెట్టారు?"

అమ్మ మంచం మీద లేచి కూర్చుంది. "నేనే బాబూ. మీరు మూడు చక్రాలకి గీతలు పెట్టి ఫోనొస్తే వెళ్ళిపోయారు. ఒక చక్రాన్ని అలా బోసిగా వదిలేస్తే ఎలాగని, స్టూలు వేసుకుని కూర్చుని, మీరు పెట్టినట్టే పసుపు గీతలు పెట్టాను. బండికి పూజ చేసుకుంటున్నారనుకున్నా. ఇన్నేళ్ళకి మీకు బుద్ధి పుట్టిందని సంతోషపడ్డాను కూడా."

నవ్వాలో నెత్తి బాదుకోవాలో తెలియలేదు. గీత గీసి పని అయినట్టు గుర్తు పెట్టే మనిషి ఈయన. గీత కనిపిస్తే పూజ అనుకునే మనిషి ఆవిడ. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. వాళ్ళ మధ్య నేనున్నాను, సీసాలు సర్దుకుంటూ.

ఈయన బయట సిమెంటు గట్టు మీద కూర్చున్నాడు. వేలికంటిన పసుపు ప్యాంటుకి తుడుచుకున్నాడు. "ఆ చక్రం సరిగ్గా అత్తయ్య మంచం కింద ఉంది" అన్నాడు. "బిగించేస్తాను. బిగించి ఇంటికి పోదాం" అన్నాడు.

ఇక నా వల్ల కాలేదు. రెస్ట్ ఏరియాలో కుక్కని తిప్పుకుంటున్న ఆయనెవరో ఆగి చూస్తున్నా ఆగలేదు. "ఎందుకండీ ఇంటికి? చూశారు, దొరికింది, బిగిస్తున్నారు. ఇంకేం కావాలి మీకు? లోకంలో ఉన్న బోల్టులన్నీ బిగిసేదాకా మా అమ్మ కూర్చుంటుందా ఇక్కడ? బుధవారం వెళ్ళిపోతుంది!"

"నా గీతని నేనే నమ్మలేకపోతున్నాను శాంతీ. ఇంకా ఎక్కడ ఏం వదిలేశానో! చక్రం అంత వదులైతే చప్పుడు రావాలి. అదీ నాకు వినిపించలేదు. చెవులు కూడా పోయాయి నాకు."

"చెవులకేం కాలేదు బాబూ" అంది అమ్మ, తలుపు చట్రం పట్టుకుని నిలబడి. "మీరు ముందున్నారు, మీకెలా వినిపిస్తుంది? నాకు వినిపించింది. పెద్దరోడ్డు ఎక్కిన దగ్గర్నుంచీ నడుం కింద టకటకమని కొడుతూనే ఉంది."

ఈయన తలెత్తాడు. "చప్పుడొస్తోందని తెలిసి చెప్పలేదా అత్తయ్యా?"

"చెప్తే వెనక్కి తిప్పేస్తారు కదా."

ఆ మాట అమ్మ నిష్ఠూరంగా అనలేదు. వర్షమొస్తే గొడుగు వేసుకుంటాం కదా అన్నంత మామూలుగా అంది. అదితి హెడ్‌ఫోన్సు తీసి, "అమ్మమ్మా, నువ్వు చచ్చిపోయేదానివి, యు నో దట్?" అంది. ఆ పిల్ల తెలుగుకి మెత్తగా చెప్పడం రాదు.

ముందు సీట్లో నేను ఊపిరి బిగబట్టి కోరుకున్నదీ అదే కదా, ఈయనకి ఏదీ వినిపించకూడదని! ఏ చప్పుడూ వదలకూడదని ఈయన ప్రాణం పెట్టి చూసుకుంటుంటే, మేమంతా చప్పుళ్ళు దాచిపెట్టడం నేర్చుకున్నాం.

ఈయన లేచి రెంచి తీసుకుని ఆ చక్రం దగ్గర కూర్చున్నాడు. నట్లు ఒక్కొక్కటే తీసి, మరలు అరగలేదని వేలుతో తడిమి చూసుకుని, మళ్ళీ పెట్టి బిగించాడు. టక్కు, టక్కు. మిగతా మూడు చక్రాల గీతలు గుడ్డతో గట్టిగా తుడిచి చూశాడు, ఒక్కటీ చెరగలేదు. అప్పుడొచ్చి అమ్మ ముందు నిలబడ్డాడు.

"అత్తయ్యా, చప్పుడొస్తే చెప్పండి. ఆపుతాను, చూస్తాను. కానీ వెనక్కి తిప్పను. ఒట్టు."

"ఎవరి మీద?"

"బండి మీద" అన్నాడు. అమ్మకి ఆ ఒట్టు నచ్చినట్టుంది, వెళ్ళి పడుకుంది.

అక్కణ్ణుంచి నా పాట్లు మొదలయ్యాయి. దాచుకున్న ఆవిడ ఇప్పుడు ఒక్కటి వదలడం లేదు. "బాబూ, ఇక్కడ గలగలమంటోంది." ఆపాడు, గరిటెలు. "బాబూ, కీచుమంటోంది." ఆపాడు, ఫ్రిజ్ తలుపు. "బాబూ, ఏదో దొర్లుతోంది." నిమ్మకాయ, చక్రం కింద పెట్టడానికని తెచ్చి మర్చిపోయిందట! ప్రతిసారీ ఈయన దిగుతాడు, చుట్టూ తిరుగుతాడు, చక్రాలు తట్టి చూస్తాడు, ఎక్కుతాడు. మమ్మల్ని దాటిపోయిన ట్రక్కులు భోంచేసి, నిద్రపోయి లేచి మళ్ళీ మమ్మల్ని దాటిపోయాయేమో కూడా. "ఇలా అయితే బుధవారం విమానం ఆ సరస్సు దగ్గరే ఎక్కించాలి" అని అరిచాను. నా అరుపుని మాత్రం ఎవరూ దిగి చూడలేదు.

మాకినా వంతెన చేరేసరికి సాయంత్రమైంది. బయటి లేనులో పనులు జరుగుతున్నాయని లోపలి లేనులోకి మళ్ళించారు. అక్కడ రోడ్డు సిమెంటుది కాదు, ఇనుప జాలీ. టైర్లు దాని మీదకి ఎక్కగానే బండంతా హోరెత్తిపోయింది. గిన్నెలు, కిటికీలు, నా పళ్ళు, అన్నీ కలిసి మోగాయి.

"బాబూ!" వెనక నుంచి అమ్మ కేక. "చప్పుడు! ఇంతకుముందు లేదు!"

"అది వంతెన అత్తయ్యా! మన బండి కాదు! ఇక్కడ ఎవరి బండికైనా అంతే!"

హోరులోంచి మళ్ళీ అమ్మ గొంతు, ఇందాకటికంటే చిన్నగా. "నిజమేనా? నా కోసం అంటున్నారా?"

ఈయన తల పక్కకి వంచి ఆ హోరుని ఇంకోసారి విన్నాడు. ఆ ప్రశ్న ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. నేను వెనక్కి తిరిగి చూశాను. అమ్మ మంచం అంచు రెండు చేతులా పట్టుకుని ఉంది. భయపడుతోంది. పొద్దున టకటకలకి లేని భయం ఇప్పుడు.

"నిజమే అత్తయ్యా" అన్నాడు. "పాడైతే పాడైందనే చెప్తాను."

"అయితే పోనివ్వండి" అంది అమ్మ, మంచం వదిలేసి.

వంతెన దిగాక కూడా చాలాసేపు పోయాం. చివరికి ఎండ ఇంకా ఉండగానే సరస్సు దగ్గరికి చేరాం. మే నెలాఖరులో ఇక్కడ పొద్దు ఓ పట్టాన వాలదు. నేనొక చెయ్యి, అదితి ఒక చెయ్యి పట్టుకుని అమ్మని నీళ్ళ దాకా నడిపించాం. చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని పాదాలు పెట్టింది, చలికి కెవ్వుమంది, మళ్ళీ పెట్టింది. దోసిట్లో నీళ్ళు తీసుకుని తాగబోతే అదితి వద్దని అరిచింది. ఒక చుక్క నాలిక మీద వేసుకోనే వేసుకుంది.

"తియ్యగా ఉన్నాయే" అంది. అటూ ఇటూ చూసింది. "మీ ఆయనేడీ?"

వెనక్కి తిరిగాను. చెట్ల పక్కన బండి, దాని కింద నుంచి బయటికి రెండు కాళ్ళు.

"బండి కింద" అన్నాను పళ్ళు కొరుకుతూ.

అమ్మ ఆ కాళ్ళ వంక చూసింది. నీళ్ళలోంచి పాదాలు తీసేసింది.

"చప్పుడేం రాలేదే! వచ్చుంటే నేనే చెప్పేదాన్నిగా" అంది. "వెళ్ళి పిలువు. ఆయనొచ్చాకే మళ్ళీ దిగుతాను."