అయస్కాంతం ముఖానికి పసుపు

దసరా మర్నాడు మా షెడ్డు తలుపు తీయగానే తడి పసుపు వాసన, నలిగిన బంతిపూల వాసన, వాటితో కలిసిన తుప్పు వాసన ముక్కుకు తగులుతాయి. అందరికీ అది పండగ వాసన. నాకు మాత్రం రాజ్యలక్ష్మి గారు గుర్తుకొస్తారు.

కాకినాడలో ఉప్పుటేరు ఒడ్డున చేపల పడవలు బాగుచేసే షెడ్డు మాది. ఆవిడ ఇంజనీరు, నేను ఆవిడ కింద కొత్తగా చేరిన అమ్మాయిని. ఆవిడకి కోపం ముక్కు మీదే ఉండేది, గొంతు మాత్రం ఎప్పుడూ లేచేది కాదు. చేరిన కొత్తలో తన బల్ల మీదున్న చిన్న కరెంటు అయస్కాంతానికి ఇనుప ముక్క అంటించి లాగమన్నారు. రెండు చేతులా లాగినా ఊడలేదు. మధ్యలో అట్టముక్క పెట్టి మళ్లీ లాగమన్నారు. ఇట్టే చేతిలోకి వచ్చేసింది.

“కరెంటు అదేనమ్మా, తీగ చుట్లూ అవే. మరి బలం ఎక్కడికి పోయింది?”

“అట్ట అడ్డొచ్చిందండి.”

“అట్ట కాదు, ఎడం. ఆ కాస్త ఎడానికే పట్టు జారిపోయింది. తీగ చుట్ట వేడెక్కితే కరెంటు తగ్గి ఇంకాస్త పోతుంది. పోయేటప్పుడు మనకి చెప్పి పోదు.”

ఆ ఏడు దసరాకి క్రేను నడిపే సత్తిబాబు గారు భక్తి కొద్దీ క్రేనుకు వేలాడే పెద్ద అయస్కాంతం ముఖానికి మందంగా పసుపు మెత్తి, బంతిరేకులు అద్దారు. స్విచ్చుల బోర్డుకీ బొట్లు పెట్టారు. మర్నాడు పొద్దున్నే పనికి తొందర. బరువైన ఇనుప పలకను ఆ అయస్కాంతంతోనే ఎత్తి పడవ మీదికి తెచ్చారు. అప్పుడు వచ్చారు రాజ్యలక్ష్మి గారు. ఆవిడ చూపు పలక మీద లేదు, పలకకీ అయస్కాంతానికీ మధ్య సందులో ఉంది. అక్కడ పసుపు పచ్చని రేకులు నలిగి బయటికి కనిపిస్తున్నాయి.

“సత్తిబాబు గారూ, ఆపండి. ఎత్తొద్దు, తిప్పొద్దు.”

“ఇందాకటి నుంచీ పట్టుకునే ఉంది కదండీ మేడం గారూ!”

“ఇందాక చుట్ట చల్లగా ఉంది.”

దింపేద్దామంటే కింద పడవ కడుపులోంచి గ్రైండరు మోత వస్తోంది. మా పనివాడు నూకరాజు ఎప్పుడు దూరాడో, లోపల తుప్పు గీకుతున్నాడు. ఎంత అరిచినా ఆ మోతలో వినబడదు. పలక కిందికి ఎవరూ వెళ్లకూడదు. ఆవిడ నా వైపు తిరిగారు.

“గ్రైండరు స్విచ్చు ఒక్కటే ఆపు. అయస్కాంతంది పక్కనే ఉంది. తీగ పట్టుకుని చూసుకో, తొందరపడకు.”

బోర్డు మీది పేర్లన్నీ పసుపు కింద ఉన్నాయి. గ్రైండరు నల్లతీగను వేళ్లతో తడుముకుంటూ వెళ్లాను. ఒక స్విచ్చు ఆపితే మనిషి బయటికి వస్తాడు, ఇంకోటి ఆపితే పలక అతని మీద పడుతుంది. తీగ ఎక్కడికి చేరిందో రెండుసార్లు చూసి నొక్కాను. మోత ఆగింది. పలక ఆగిన చోటే ఉంది.

నూకరాజు తల బయటపెట్టాడు. “ఆయ్, కరెంటు ఎవరు పీకేసారండీ? పని మధ్యలో ఉందండి!”

ఆవిడ పలక మాట ఎత్తలేదు. ఎత్తితే అతను పైకి చూసి అక్కడే కొయ్యబారిపోయేవాడు.

“టీ వచ్చింది నూకరాజూ, ఇలా రా,” అన్నారు, రోజూ పిలిచినట్టే.

గొణుక్కుంటూ దిగి మా దాకా వచ్చాడు. “టీ ఏదండి?” అన్నాడు. ఆవిడ సత్తిబాబు గారికి దింపమని చెయ్యి ఊపారు. పలక మూరెడు దిగిందో లేదో ఒక అంచు ఊడింది. మిగతాదంతా ఒక్క ఊపున పడవలో పడింది. నూకరాజు బురదలో చతికిలపడ్డాడు. గ్రైండరు అప్పచ్చి అయిపోయింది.

సత్తిబాబు గారు ఏడ్చేశారు. మరుసటి దసరాకి రాజ్యలక్ష్మి గారే అయస్కాంతం వీపు మీద బొట్టు పెట్టి, ముఖాన్ని పొడిగుడ్డతో తుడిచారు. “దణ్ణం పైన పెట్టుకోండి,” అన్నారు. పలక పడిన రోజు నుంచే, ఏ బరువు ఎత్తే ముందైనా షెడ్డులో ఉన్న ప్రతి మనిషినీ పేరు పెట్టి పిలిచేవారు.

ఇప్పుడు ఆవిడ కుర్చీలో నేనున్నాను. పేర్లు నేను పిలుస్తున్నాను. హాజరు టీచరమ్మని వెనకాల నవ్వుకుంటారని తెలుసు. మొన్న నూకరాజు పలకలేదు. గేటు బయట ఫోనులో మాట్లాడుతున్నాడని ఎవరో అన్నారు. ఏట్లో పోటు నీళ్లు తగ్గిపోతున్నాయి, పడవ ఎప్పుడు నీట్లోకి దిగాలని దాని యజమాని నా మీద కేకలేస్తున్నాడు. కేకలు వేయనిచ్చాను. నూకరాజు లోపలికి వచ్చి “ఉన్నానండి” అనేదాకా, క్రేను ఎత్తమని నా చెయ్యి పైకి లేవలేదు.