కత్తెర గుర్తు కోటు

మౌలాలి రైల్వే క్వార్టర్ల వెనక సందులో రసూల్ బీ తెలియనివాళ్లు లేరు, తెలిసినవాళ్లలో ఆమె నోట పడనివాళ్లూ లేరు. డెబ్బై ఎనిమిదేళ్లు వచ్చినా సూదిలో దారం ఒక్క ఊపులో ఎక్కిస్తుంది. చదువు రెండో తరగతిలో ఆగిపోయింది. పంతులు బెత్తం ముందు విరిగిందో, ఈమె ఓపిక ముందు విరిగిందో ఎవరికీ గుర్తులేదు. పేరు రాయగలదు, కూడబలుక్కుని నాలుగు ముక్కలు చదవగలదు. మనిషి గడపలో నిలబడితే చాలు, నడుము కొలత చెప్పేస్తుంది.

ఆ చూపు నాటకాల కంపెనీలో అబ్బింది. సికింద్రాబాదులో సోమయ్య నడిపిన పద్యనాటకాల కంపెనీకి ముప్పై ఏళ్లు బట్టలు కుట్టారు రసూల్ బీ, ఆమె భర్త షంషీర్. సోమయ్య పోయాడు, షంషీర్ పోయాడు, వాళ్లకంటే ముందే కంపెనీ పోయింది. మిగిలినవి సోమయ్య కొడుకు దయాకర్ ఇంట్లో కరపత్రాల కట్ట, ఫోటోల డబ్బా, రసూల్ బీ మంచం కింద బట్టల ట్రంకు.

ఈ మధ్య ఒక గ్రంథాలయానికి ఈ కంపెనీ చరిత్ర మీద మనసైంది. కాగితాలన్నీ భద్రం చేస్తామన్నారు. ఆదివారం ఫోటోలు పెద్దవి చేసి గోడలకు పెడతాం, చిన్న పుస్తకం కూడా అచ్చు వేస్తాం అన్నారు. ఆ పనికి వచ్చిన కల్పలత అనే అమ్మాయిని వెంటబెట్టుకుని దయాకర్ గురువారం పొద్దున మౌలాలి వచ్చాడు.

"అమ్మా, ట్రంకు జెర ఇయ్యరాదూ. చరిత్రల ఉంటది."

"ఇన్నేండ్లు నా మంచం కింద ఉన్నది. అప్పుడు చరిత్ర గాదా?" అంది రసూల్ బీ.

దయాకర్ నవ్వి, ఫోన్‌లో ఒక ఫోటో తీసి చూపించాడు. నీలం రంగు పూసుకున్న ముఖం, కిరీటం, జరీ కోటు, చేతిలో వేణువు. కింద అక్షరాలున్నాయి. రసూల్ బీ ఒక్కొక్కటే కూడబలుక్కుంది. కృష్ణ పాత్రలో తిరుమల్.

అది తిరుమల్ కాదు. అది షంషీర్.

ముసలామె ఫోన్ తిరిగి ఇచ్చేసింది. సంగతి ఏమిటంటే, కరపత్రం నాటకానికి పది రోజుల ముందే అచ్చయ్యేది. కృష్ణుడు తిరుమల్ అని వేస్తేనే కాప్రా నుంచి నేరేడ్‌మెట్ దాకా జనం కదిలేవాళ్లు. ఆ తిరుమల్ గొంతుకేమో వారంలో ఆరు రోజులు జలుబు. రిహార్సల్ గదిలో మూల కూర్చుని బట్టలు కుడుతూ పద్యాలన్నీ నోటికి పట్టిన షంషీర్ ఆ జరీ కోటు తొడుక్కుని స్టేజీ ఎక్కేవాడు. రంగు పూశాక కృష్ణుడు కృష్ణుడే, అడిగేదెవరు? మళ్లీ ఆటకు మళ్లీ అదే కరపత్రం, అదే తిరుమల్.

ఒకసారి, ఒకే ఒక్కసారి, రసూల్ బీ సోమయ్యను అడిగింది. "మా ఆయన పేరు సుత ఒక మూలకు వెయ్యుండ్రి."

"దర్జీ పేరు చూసి టికెట్ ఎవడు కొంటడమ్మా?" అన్నాడు సోమయ్య. దుర్మార్గుడేం కాదు, వ్యాపారం తెలిసినవాడు. షంషీర్ కూడా నవ్వేసి, "పాడింది నేనని నా గొంతుకు ఎరుక, చాలదా?" అన్నాడు. రసూల్ బీకి చాలలేదు. ఇంక ఎవరి ముందూ ఆ మాట ఎత్తనని ఆ రోజే ఒట్టు పెట్టుకుంది. అడుక్కుని వేయించుకున్న పేరు అతుకు వేసిన చొక్కా లాంటిదని ఆమె లెక్క.

ఇప్పుడు చెప్పొచ్చు కదా అంటే, పెళ్లాం కాబట్టి అంటోంది అంటారు. చెప్పకపోతే ఆదివారం నుంచి అచ్చులో తిరుమలే, ఎప్పటికీ తిరుమలే. రాత్రంతా ఆలోచించి తెల్లారి ట్రంకును ఆటోలో వేయించుకుంది. నోటికే కదా ఒట్టు, ట్రంకుకు కాదు.

సికింద్రాబాదులో కంపెనీ పాత రిహార్సల్ గదిలో కల్పలత చేతులకు తెల్ల గ్లౌజులు తొడుక్కుని మూత ఎత్తింది. లవంగం, ఎండిన వేపాకు వాసన గుప్పున వచ్చింది.

"గ్లౌజులేందమ్మా, పెండ్లి బ్యాండోళ్ల లెక్క?" అంది రసూల్ బీ.

"చేతి చెమట తగిలితే పాడైపోతాయమ్మా."

"ముప్పై ఏండ్ల చెమట తాగిన బట్టలివి. నీ చెమటకు భయపడ్తయా?"

కల్పలత నవ్వుకుంటూ కృష్ణుడి మఖ్మల్ కోటు తీసింది. లోపలి గుడ్డ ఎలా ఉందో చూద్దామని తిరగేసి, అలాగే ఆగిపోయింది. మెడ కింద వరసగా చిన్న చిన్న బొమ్మలు కుట్టి ఉన్నాయి. మిరపకాయ, గుమ్మడికాయ, కత్తెర. ఒక్కో బొమ్మ కింద చీమల బారులా కుట్లు.

"ఇవి ఎవరు కుట్టారమ్మా?"

"ఎలుకలైతే కుట్టలే."

"ఏమిటి ఇవి మరి?"

"నా రిజిస్టర్. ఒక్క కోటు ముగ్గురు తొడుగుతరు. ఎవరు తొడిగిన్రో వాళ్ల బొమ్మ కింద ఆటకొక కుట్టు. అందరియి గలిపి పది కుట్లయితే లోపలి గుడ్డ విప్పి ఉతకాలె, మల్ల కుట్టాలె. రాసుకుందామంటే నాకు రాత రాకపాయె."

దయాకర్ వంగి చూశాడు. "ఇండ్ల మా నాయిన ఏదమ్మా?"

"గుమ్మడికాయ."

కల్పలత మొహం పక్కకు తిప్పుకుంది. దయాకర్ పొట్ట లోపలికి లాక్కున్నాడు. "నాయినకు ఎరుకేనా?"

"ఎందుకు ఎరుక లేదు? సొరకాయ పెట్టమని బతిమాలిండు, సన్నగుంటదని. కండ్లతోని చూసింది కుట్టిన అన్న."

గుమ్మడికాయ కింద మూడు కుట్లు. ఊపిరి బిగబట్టినట్టు మూడంటే మూడే. మిరపకాయ కింద పందొమ్మిది. కత్తెర కింద కల్పలత వేలు పెట్టి లెక్కపెడుతూ పోయింది, వరస మారింది, మళ్లీ మారింది. నూట నలభై ఒకటి.

"కరపత్రాల్లో అన్ని ఆటలకూ కృష్ణుడు తిరుమల్ గారే కదా. మిరపకాయ ఆయనేనా?"

"ముక్కు మీద కోపం. ఇంకేం పెట్టాలె?"

"ఈ కత్తెర ఎవరు మరి?"

రసూల్ బీ కిటికీ వైపు చూసింది. "చదువుకున్నోళ్లు మీరు. చెప్పుండ్రి."

చెప్పింది దయాకర్. చాలా నెమ్మదిగా చెప్పాడు. "షంషీర్ చాచా." చిన్నప్పుడు తెర పక్కన కూర్చుని చూసినవాడే అతను. "నాకు యాదికుంది. గని కరపత్రం నాయిన రాసింది గదా, కాగితం అబద్ధం ఆడుతదా అనుకున్న. ఇప్పుడన్నా అచ్చు కాగితం ఉండంగ దారాన్ని ఎవరు నమ్ముతరు మేడం?"

కల్పలత కోటు చేతులు తిప్పి చూస్తోంది. "అమ్మా, ఈ చేతి చివర అంచు లోపలికి మడిచి ఉంది. ఎందుకు?"

రసూల్ బీ కిటికీ వైపు నుంచి ఇటు తిరిగింది. అడిగింది. నలభై ఏళ్లకు ఒకరు అడగాల్సిన ప్రశ్న అడిగారు.

"తిరుమల్ చేతులు పొట్టి. గాయన తొడిగితే మడిచి కుడ్త, జరీ ఒక్క వరస కనబడ్తది. మా ఆయన చేతులు పొడుగు. గాయనకైతే విప్పుత, రెండు వరసలు కనబడ్తయి."

దయాకర్ తెచ్చిన ఫోటోల డబ్బా తెరుచుకుంది. కృష్ణుడి ఫోటోలు తొమ్మిది. కల్పలత భూతద్దం పెట్టి ఒక్కొక్కటే చూసింది. రెండింటిలో ఒక్క వరస. ఏడింటిలో రెండు వరసలు. గోడకు పెట్టబోయే పెద్ద ఫోటోలో వేణువు పట్టుకున్న చేతి మీద రెండు వరసలూ రైలు పట్టాలలా మెరుస్తున్నాయి.

దయాకర్ కుర్చీలో కూలబడ్డాడు. "ఇన్నేండ్లు ఒక్క మాట చెప్పలేదేందమ్మా?"

"ఎన్నడన్న అడిగినవా? ట్రంకు అడిగినవ్, ఇచ్చిన. ఇంక లెవ్వు, కాగితం మార్చు. గుమ్మడికాయ కొడుకువని నిన్ను ఊకె కూసోబెడ్తనా?"

కల్పలత అక్కడికక్కడే కొత్త చీటీ రాసింది. రసూల్ బీ దాన్ని దూరంగా పట్టుకుని చదివింది. షం, షీ, ర్. పక్కన దర్జీ అని కూడా ఉంది. కానీ దానికి అటొకటి ఇటొకటి వంకర గీతలున్నాయి.

"ఈ కొడవండ్లెందుకు?"

"వృత్తి కదమ్మా, పక్కన అలా పెడతాం."

"దొంగతనం చేసిండా, దాపెట్టనీకి? దర్జీ ఉండనియ్యి. కొడవండ్లు తియ్."

తీసేసింది.

ఆదివారం రసూల్ బీ ఇస్త్రీ చీర కట్టుకుని గ్రంథాలయానికి వెళ్లింది. పెద్ద ఫోటో ముందు చాలాసేపు నిలబడింది. కింద పేరు నాలుగుసార్లు చదివింది, ప్రతిసారీ అదే ఉంది. అటు తిరిగేసరికి కోటు హ్యాంగరుకు వేలాడుతోంది, లోపలి వైపు బయటికి పెట్టి.

"బట్టను తిరగేసి పెడ్తరా? దర్జీ ఇంటి పరువు తీస్తిరి గదా," అని కల్పలతను వాయిస్తూ ఉండగా వెనక నుంచి ఎవరో దగ్గారు. చేతికర్ర పట్టుకుని తిరుమల్. ఎనభై నాలుగేళ్లు. చేతులు ఇప్పటికీ పొట్టే.

"రసూల్ బీ, ఆ మిరపకాయ ఎవరు?"

"అద్దంల చూసుకో."

ఆయన కళ్లజోడు సర్దుకుని లెక్కపెట్టాడు. "పందొమ్మిదేనా?"

"ఇరవయ్యోది నువ్వు సగంల గొంతు పట్టుకొని దిగొచ్చినవ్. మిగిలిన సగం మా ఆయన పాడిండు. నీకు కుట్టు వెయ్యలే."

చుట్టూ ఉన్నవాళ్లు ఆయనకు కోపం వస్తుందేమోనని చూశారు. ముసలాయన భుజాలు కదిలేలా నవ్వాడు. "నిజమే చెప్తున్న, ఇనుండ్రి. తిరుమల్ బాగ పాడ్తడని ఊరంత అంటరు. గట్ల అన్న ఊర్లల్ల షంషీర్ పాడిండు. నేను పాడిన ఊర్లెనే బాగలేదన్నరు."

రసూల్ బీ నవ్వు ఆపుకోవడానికి చీర కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత జాకెట్టుకు గుచ్చుకున్న సూది తీసింది. అందులో ఎర్రదారం ఇంట్లో ఎక్కించుకుని వచ్చిందే.

"అమ్మా, ఇప్పుడది గ్రంథాలయం సొత్తు. చేయి పెట్టకూడదు," అంది కల్పలత.

"నీ గ్లౌజులు ఇయ్యి."

తెల్ల గ్లౌజులు తొడుక్కుని, కోటు మెడ పట్టుకుని, మిరపకాయ కింద పందొమ్మిదో కుట్టు పక్కన సూది దింపింది. సగం ఆటకు సగం కుట్టే వేసి, దారం పంటితో తెంపింది.