ఎదురుకాళ్ళ రామతులసి

కంకిపాడులో నడుం పట్టేసినవాళ్ళు ముందు బామ్ రాసుకుంటారు, ఉప్పు మూటతో కాపడం పెట్టుకుంటారు, మెడికల్ షాపులో స్ప్రే కొంటారు. ఏదీ పనిచెయ్యకపోతే రామతులసి గుమ్మం తొక్కుతారు. ఎదురుకాళ్ళతో పుట్టిన మనిషి మూడుసార్లు తంతే పట్టు వదులుతుందని వాళ్ళ నమ్మకం. ఆమె కాలు కడుక్కుని, కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, గోడ పట్టుకుని నిలబడుతుంది. ఇవాళ ఆటో నడిపే హనుమయ్య వచ్చి అరుగు మీద బోర్లా పడుకున్నాడు. “చెమటలు పడుతున్నాయా? ఎడం చెయ్యి లాగుతోందా?” అని అడిగిందామె. “నడుమేనక్కా, గ్యాస్ బండ ఎత్తితే పట్టేసింది. ఎప్పుడొచ్చినా అదే అడుగుతావేంటి?” అన్నాడతను.

మూడేళ్ళ కిందట ఆమె భర్త కూడా వీపు పట్టేసిందంటూ ఇదే అరుగు మీద పడుకున్నాడు. ఆమె నవ్వుతూ మూడుసార్లు తన్నింది. “హాయిగా ఉందే, ఇంకొకటి తన్ను” అన్నాడు. నాలుగోసారి తన్నాక ఆయన మాట్లాడలేదు. వీపులో నొప్పిగా వచ్చింది గుండెపోటని ఆస్పత్రిలో చెప్పారు. అప్పట్నుంచి ఆమె కుడికాలు వాడదు. హనుమయ్య నడుం మీద ఎడమకాలు మెల్లగా ఆనించి, “ఏదో ఒకటి మాట్లాడు తమ్ముడూ,” అంది, “నేను కాలు తీసేదాకా ఆపకు.”