గురువు పేరు దగ్గర ఖాళీ

రాయగడలో ఉమాపతి చేత ఇంకా థాంక్స్ చెప్పించుకోని మనిషి ఉన్నాడంటే, వాడు నిన్ననే బండి దిగి ఉండాలి. కరెంటు మిస్త్రీకి థాంక్స్, టికెట్టు చింపిన కండక్టరుకి థాంక్స్, పప్పులో ఉప్పు మరిచిపోయిన పెళ్ళానికి కూడా థాంక్సే. ఆయన కట్టిన ఏ పాటకైనా చివర కృతజ్ఞతల పట్టీ ఒకటి తగిలిస్తాడు. మైకు అద్దెకిచ్చినవాడు, టీ పోసినవాడు, రికార్డింగునాడు మొరిగే కుక్కను తరిమినవాడు, అందరూ అందులో ఉండాల్సిందే. పాట నాలుగు నిమిషాలైతే పట్టీ ఐదు నిమిషాలు.

ఏభై తొమ్మిదేళ్ళ మనిషి. తాతలనాటి బట్టలకొట్టు తమ్ముడు చూసుకుంటాడు, ఈయన శాక్సఫోను చూసుకుంటాడు. పెళ్ళి ఊరేగింపుల్లో బ్యాండు మేళానికి ముందు నడిచేది ఈయనే. కుర్రతనంలో సునాబెడ ఫ్యాక్టరీ క్వార్టర్ల క్లబ్బులో ఓ ఇంజనీరుగారి దగ్గర జాజ్ నేర్చుకుని, అక్కడి డాన్సులకి ఆరేళ్ళు వాయించాడు. తర్వాత ఒడిశా కొండల్లో మాట్లాడే దేశియా భాషలో పాప్ పాటల క్యాసెట్లు చేశాడు. క్యాసెట్లు పోయి యూట్యూబు వచ్చింది, పాటలు అందులోకి ఎక్కాయి. అడవుల మీద, రాగిచోళ్ళ పంట మీద ఎవరో తీసిన చిన్న సినిమాలకి నేపథ్య సంగీతం ఇచ్చాడు. ఇప్పుడు మొట్టమొదటిసారి రెండు గంటల సంగీత నాటకం. దసమంతపూర్ అవతల కొండమీద ఊరికి ఎవరి సాయం లేకుండా రోడ్డు వేసుకున్న ఆడవాళ్ళ కథ. పదిహేడు పాటలు, పలుగూ పారా చప్పుడే తాళం. కొరాపుట్‌లో శనివారం ఆట.

సోమవారం పొద్దున్నే నాటకం దర్శకురాలు సస్మిత కరపత్రం నమూనా పట్టుకుని ఇంటికొచ్చింది. ఒడియా పిల్లే గానీ ఈ వీధిలోనే పెరిగింది, తెలుగు మనకంటే గడగడా మాట్లాడుతుంది.

"మాష్టారూ, మీ కృతజ్ఞతలకే ఒక పేజీ పోయింది," అని నవ్వింది. "ఇక్కడొక్కటే ఖాళీ ఉంది. గురువు పేరు. ఏం రాయమంటారు?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఉమాపతి చొక్కా సర్దుకున్నాడు. "సునాబెడ ఇంజనీరుగారి పేరు రాసీమ్మా."

"అబద్ధం," అంది వంటింట్లోంచి ఆయన భార్య రాజ్యం.

ఆ ఒక్క మాటకి ఆయన గబుక్కున వంటింటి వైపు తిరిగాడు. ఎందుకంటే ఆ ఇంట్లో నిజం తెలిసింది ఈ మొగుడూ పెళ్ళాలకే.

పదహారో ఏట వేసవి సెలవుల్లో ఉమాపతి బొయిపరిగుడలో మేనమామ దగ్గరికి వెళ్ళాడు. మామది ఉప్పు, కిరసనాయిలు టోకు కొట్టు. సంతరోజున కొట్టు అరుగు కింద లక్ష్మణుడనే ఆయన కూర్చుని మొహురి ఊదేవాడు. మొహురి అంటే సన్నాయిలాంటిదే, కాస్త పొట్టిది, గొంతు మాత్రం నాలుగు వీధులకి వినిపిస్తుంది. లక్ష్మణుడి తల్లిది సాలూరు వైపు కాబట్టి తెలుగు బాగా వచ్చు. కుర్రాడి ఆశ చూసి ఒక పాట నేర్పసాగాడు. ఒకే పాట, నెలా పదిరోజులు. నేర్పడమంటే ఎలా? తన నోట్లోంచి మొహురి తీసి, తువ్వాలుతో తుడిచి, కుర్రాడి నోట్లో పెట్టడమే.

ఒకరోజు మామ చూశాడు. అరుగు ఎక్కనివ్వని కులంవాడి ఎంగిలి మేనల్లుడు నోట పెట్టుకున్నాడు! గోనెసంచి తాడుతో వీపు చిట్లగొట్టి, రాయగడ బస్సెక్కించేశాడు. లక్ష్మణుణ్ణి ఇంకెప్పుడూ కొట్టు ఛాయలకు రావద్దన్నాడు. ఇంట్లో అమ్మ తలంటి పోసి, వాడి పేరెత్తితే ఒట్టే అంది. మొదట్లో భయంతో ఎత్తలేదు. తర్వాత సిగ్గుతో. ఆ తర్వాత అలవాటైపోయింది.

పేరు పోయింది గానీ పాట పోలేదు. సునాబెడ క్లబ్బులో దాన్నే ఒయ్యారంగా వంచి జాజ్ అన్నాడు. దాన్నే పరుగెత్తించి పాప్ అన్నాడు, జయపురం నించి గుణుపూర్ దాకా జీపులన్నీ ఊగాయి. దాన్నే నెమ్మదిగా సాగదీసి సినిమాలో కొండల మీద మంచు దింపాడు. ఒక్క చీరనే నాలుగు రకాలుగా కట్టి నలుగురు పెళ్ళికూతుళ్ళని చూపించినట్టు! జనం మాత్రం బహుముఖ ప్రజ్ఞాశాలి అని శాలువాలు కప్పారు. శాలువా కప్పించుకున్న ప్రతిసారీ ఈయనకి ఒళ్ళంతా జెర్రులు పాకేవి. ఇక ఈ నాటకానికైతే ఆ పాటే వెన్నెముక.

"కుక్కని తరిమినోడికి కూడా థాంక్సులు సెప్పేరు," అంది రాజ్యం చేతులు తుడుచుకుంటూ ఇవతలికొచ్చి. "నోట్లో పాటెట్టినోడి పేరు రాయడానికి సెయ్యి రాదేటండీ?"

"ఏ మొహం పెట్టుకుని ఎళ్ళమంటావే? నలభై మూడేళ్ళు! నా పాట దొంగిలించేవురా అని నలుగురిలో అంటే?"

"అంటే పడండి. బతికున్నాడో లేడో ముందు సూసి రండి."

ఉమాపతి కరపత్రం మడిచి తిరిగిచ్చేశాడు. తర్వాత సస్మితతో అన్నాడు. "గురువారం దాకా అచ్చుకివ్వకమ్మా. ఆయన కాదంటే నా పేరు తీసీ. పాటలూ తీసీ."

"పాటలు తీసేస్తే ఇంక నాటకమేముంది మాష్టారూ!" అని ఆ పిల్ల కుర్చీలో కూలబడింది. ఏడాది కష్టం ఆమెది. అయినా వద్దని మాత్రం అనలేదు.

బుధవారం తెల్లారి రైలెక్కి కొరాపుట్, అక్కణ్ణించి రెండు బస్సులు మారి, మధ్యాహ్నానికి బొయిపరిగుడలో దిగాడు. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు వల్లించుకున్నాడు. మొహురి లక్ష్మణుడు ఎక్కడుంటాడని అడిగితే సంత మైదానం పక్కన టీ బడ్డీ చూపించారు. బల్ల మీద ఓ ముసలాయన కూర్చున్నాడు. ముందుపళ్ళు లేవు, గుబురు కనుబొమలు మాత్రం అవే. ఉమాపతి ఎదురుగా నిలబడ్డాడు. వల్లించినవన్నీ గాలికి పోయాయి.

ముసలాయన కళ్ళు చికిలించాడు. "ఉప్పుకొట్టు సావుకారి మేనల్లుడివి కాదేటి బాబూ?"

అంతే, ఉమాపతి వంగి కాళ్ళు పట్టేసుకున్నాడు. "గురువుగారూ, మీ పాట దొంగిలించేను. మీరు మానీమంటే మానీస్తాను," అంటూ ఫోను తీసి, జాజ్ వాయించినది, పాప్ పాట, సినిమా సంగీతం, నాటకంలోది, వరసగా వినిపించాడు. లక్ష్మణుడు నాలుగూ విన్నాడు. మధ్యలో టీ తాగడం ఆపలేదు.

"ఈ రెండో పాట ఎప్పుడో ఇన్నాను బాబూ. జీపుల్లో ఇన్నాను, ఆటోల్లో ఇన్నాను. మా మనవరాలి పెళ్ళిలో డీజేవోడు నీ పాటే ఏసేడు. ఇన్నప్పుడల్లా ఈ బడ్డీకాడ సెప్తాను, ఇది కట్టినోడు నా కాడ నేర్సుకున్నోడేనని."

"నిజమేనండీ బాబూ, మా సెవులు తినేస్తన్నాడు," అన్నాడు టీ కాచేవాడు.

ఉమాపతికి గుండెల మీది బండ జారినట్టయింది. "అయితే కోపం లేదా?"

"ఎందుకు లేదు? ఉంది!" లక్ష్మణుడు గ్లాసు టక్కున పెట్టాడు. "పాటకి కాదు. పాట ఎవుడిది? మా బాబు కాడ నాను తీసుకున్నాను, నా కాడ నువ్వు. పాటట్టుకెళ్ళేవు, బాగుంది. మనిషిని ఒగ్గేసేవు. మీ మావ కొట్టేడు, సరే. మీ మావ పోయి ఇరవయ్యేళ్ళయింది కదా. ఒక్కపాలి రాలేకపోయేవా బాబూ?"

ఉమాపతి తల దించుకుని తిట్లు తిన్నాడు. తిడుతున్నా ఆ గొంతు ఇంకా వినిపిస్తున్నందుకే ఆయనకి ఎంతో హాయిగా ఉంది.

"ఇంకోటి," అన్నాడు ముసలాయన. "ఆ పాటని నడిమిన తెంపీసి ఊపిరి తీస్తన్నావు. అన్నిట్లోనూ అక్కడే తెంపేవు. నువ్వొస్తే సెప్పాలని అట్టేపెట్టేను. ఊపిరి నువ్వు తియ్యాల గానీ పాట ఆగకూడదు."

నిజమే. ఆ విద్య నేర్పేలోపే మామ చూసేశాడు. లక్ష్మణుడు గ్లాసు నిండా నీళ్ళు పోయించి, కూల్‌డ్రింకు గొట్టం ఒకటి అందులో పెట్టాడు. "ఊదు. బుగ్గల్లో గాలి ఉంచుకుని ముక్కుతో లాగు. బుడగ ఆగిపోకూడదు."

సంతలో, అంతమంది ముందు, శాలువాలు కప్పించుకున్న సంగీత దర్శకుడు గ్లాసులో బుడగలు ఊదసాగాడు. ఆగిపోతాయి. మళ్ళీ ఊదుతాడు. చొక్కా అంతా తడిసింది, చుట్టూ చేరినవాళ్ళు పడిపడి నవ్వుతున్నారు. ఊదుతూ ఊదుతూ ఉండగా ఏడుపొచ్చేసింది. "దేవుడా, ఈయన్ని నా కోసం ఇన్నాళ్ళు ఉంచేవు," అనుకున్నాడు.

"ఏడుపు తరవాతేడుద్దువు గానీ, బుడగలాగిపోయేయి సూడు," అన్నాడు గురువు. కరపత్రంలో పేరు వేయనా అని అడిగితే, "ఏసుకో. శనివారం ఒచ్చి ఇంటాను," అన్నాడు.

శనివారం హాలు నిండిపోయింది. ముందు వరసలో లక్ష్మణుడు, ఆయన పక్కన రాజ్యం. వెనక వరసలో బట్టలకొట్టు చుట్టాలందరూ. ఆఖరి పాటకి ముందు ఉమాపతి మైకు ముందుకొచ్చాడు. "పదహారేళ్ళప్పుడు ఈయన తన నోట్లో మొహురి తీసి నా నోట్లో పెట్టేరు. అది ఎంగిలని నన్ను కొట్టేరు. ఆ ఎంగిలే నాకింత అన్నం పెట్టింది. మీరంతా చప్పట్లు కొట్టిన ప్రతి పాటా అదే. ఈ మాట చెప్పడానికి నాకు నలభై మూడేళ్ళు పట్టింది," అన్నాడు. వెనక వరసలో ఎవరో గొంతు సవరించుకున్నారు. తమ్ముడు మాత్రం లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు.

తర్వాత శాక్సఫోను ఎత్తాడు. కొండమీద రోడ్డు పూర్తయి, ఆడవాళ్ళంతా దిగొచ్చే పాట. మూడు రోజుల సాధన ఎంతవరకు వస్తుంది? మొదటి చుట్టు ఆగకుండా నడిచింది. రెండో చుట్టులో, సరిగ్గా నడిమిన, ఊపిరి పుటుక్కున తెగింది. కష్టపడి అందుకుని ముగించాడు. హాలు దద్దరిల్లింది, కానీ ఉమాపతి చూపు ముందు వరస మీదే ఉంది.

లక్ష్మణుడు ఎవరూ పిలవకుండానే స్టేజీ ఎక్కి, మైకు లాక్కుని, జనానికి దణ్ణం పెట్టాడు.

"మా ఓడు ఇంకా నేర్సుకుంటన్నాడు. నడిమినొకపాలి తెంపేడు, నాను ఇన్నాను. తప్పులుంటే నన్ననండి, ఆణ్ణి కాదు."