ఏలికపాముల సంగతి, నా నాలుగు పళ్లు

నిన్న మా ఎదురింటి గుంటపిల్ల ఏలికపాములు కక్కి చనిపోయింది. నేనే చిల్లంగి పెట్టానని ఊరంతా అంటోంది. చిల్లంగి పెట్టినవాళ్లకు మా కొండల్లో పళ్లు పీకుతారు, ఇక మంత్రం పలకకుండా.

ఈ రోజు అడ్డతీగల నుంచి డాక్టరుగారు వచ్చారు. ఆ పాముల్ని కోసి, చిన్నవాటిని పెద్దగా చూపే ఇత్తడి గొట్టం కింద పెట్టి ఊరిపెద్దకు చూపించారు.

"ఈ పాముల ఒంట్లో మొదట్లో అన్నీ ఒకేలాంటి కణాలే. ఆడదానిలో గుడ్లవుతాయి, మగదానిలో వీర్యమవుతాయి. ఆ గుడ్లే మట్టితోపాటు పిల్ల కడుపులోకి పోయాయి. ముసలమ్మ చేసిందేమీ లేదు."

నాకు ప్రాణం లేచొచ్చింది.

ఊరిపెద్ద గొట్టం మీంచి తలెత్తాడు. "నువ్వు గుడ్డవ్వు, నువ్వు వీర్యమవ్వు అని ఆటికెవులు సెప్పినారు బాబూ?"

"అది ఇంకా ఎవరికీ తెలియదు."

"ఇన్నారా? సదువుకున్న బాబుకే తెల్దంట. ఆటికి సెప్పింది ఈ ముసిల్దే, దీనికి తెలుసు!"

"నాకేటి తెలుసురా? ఐదుగుర్ని కన్నాను. ఆడో మగో బయటపడేదాకా నాకే తెల్దు!" అని అరిచాను. ఎవరూ నవ్వలేదు.

నాకు మిగిలినవి నాలుగు పళ్లు. రేపు పీకేస్తారు. తర్వాత నా మాట ఎవరికీ అర్థం కాదు కాబట్టి ఈ సాయంత్రమే చెప్పి రాయిస్తున్నాను. చదివినవాళ్లలో ఎవరికైనా ఆ కణాలకు ఎవరు చెప్పారో తెలిస్తే, తెల్లారేలోగా వచ్చి మా ఊరిపెద్దకు చెప్పండి.